346కీ 347కీ నడుమ

కాగితం మీద తేడా ఒక్క సీసీ. ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 346, రాజ్‌దూత్ 350 పేరుతో అమ్మిన బండి 347. 1983 నుంచి ఆ దశాబ్దం చివరిదాకా మన దేశంలో పెద్ద మోటార్‌సైకిల్ కొత్తది కొనాలనుకున్నవాడు తేల్చుకోవాల్సింది దాదాపుగా ఈ రెండింటి మధ్యే. మైసూరులో తయారయ్యే యెజ్డీ ఉండేది గానీ అది 250. దాని లెక్క వేరు.

ఇప్పటి కుర్రాళ్లు నేకెడ్ బండ్లంటూ విడిగా ఒక రకం చెబుతున్నారు. అప్పుడు ఇక్కడ తయారయ్యే ప్రతి మోటార్‌సైకిలూ ఆ రకమే. ఇంజనుకు తొడుగు లేదు, గాలికి అద్దం లేదు. కొనబోయేవాడు బండి పక్కన గొంతుక్కూర్చుని బ్లాకు మీద రెక్కలు లెక్కపెట్టేవాడు, క్రాంక్ కేసు కింద వేలు పెట్టి ఆయిలు తడి ఉందేమో చూసేవాడు, కార్బ్యురేటర్లు ఒకటా రెండా అని చూసేవాడు. అంతా కళ్లెదుటే ఉండేది. అయినా ఆ చూపుతో బేరం తెగేది కాదు. చివరిమాట ఎప్పుడూ మెకానిక్ షెడ్డులోనే దొరికేది. ఈ రెండు బళ్లలో ఏది బతికిందో ఏది పోయిందో నిర్ణయించింది ఆ షెడ్లేనని నా గట్టి నమ్మకం.

విజయవాడలో ఏలూరు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఓ సందులో మా నాన్నకు అలాంటి షెడ్డు ఉండేది. ఆయన పట్టాళంలో వాహనాలూ యంత్రాలూ బాగుచేసే ఈఎంఈ విభాగంలో పనిచేసి, పింఛను పుచ్చుకుని వచ్చి అది పెట్టాడు. సికింద్రాబాద్ తిరుమలగిరిలో శిక్షణ, ఆ తర్వాత సరిహద్దుల్లో ఉద్యోగం. ఆయనకు వచ్చిన విద్యలో సగం పైన బుల్లెట్. అది ఆయన ఒక్కడి కథ అయితే ఇక్కడ చెప్పే పని లేదు. బుల్లెట్ చరిత్రలో అసలైన అధ్యాయం అదే.

బుల్లెట్ అనే పేరు ఇంగ్లండులో 1932 నాటిది. మనం ఎరిగిన రూపం, వెనక చక్రానికి స్వింగ్ ఆర్మ్ ఉన్న 350, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత సరిహద్దు గస్తీకి బండి కావలసివచ్చి మన ప్రభుత్వం 1950ల మొదట్లో 800 బుల్లెట్లకు ఆర్డరు పెట్టింది. అంత పెద్ద ఆర్డరు చూసి ఇంగ్లండు రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ వాళ్లు 1955లో మద్రాసు మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. మొదట్లో విడిభాగాలు ఓడల్లో వస్తే ఇక్కడ బిగించేవాళ్లు. 1962 నాటికి బండి మొత్తం ఇక్కడే తయారవుతోంది. అటు ఇంగ్లండులో బుల్లెట్ ఆగిపోయింది, 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూతబడింది, 1970లో అక్కడి తయారీ పూర్తిగా ఆగింది. పుట్టింట్లో పోయిన బండి మెట్టినింట్లో బతికింది. 1977 నుంచి ఇంగ్లండుకే ఎగుమతి కూడా అయింది.

ఈ ఇరవై ఏళ్లలో పట్టాళం ఏటేటా మెకానిక్కులకు పని నేర్పింది. వాళ్లు పదవీ విరమణ చేసి సొంత ఊళ్లకు చేరారు. కొందరు పొలం చూసుకున్నారు, కొందరు షెడ్లు పెట్టారు. ఏ కంపెనీ ఖర్చుపెట్టినా రాని బలగం అది. గుడివాడలోనో బాపట్లలోనో రేకుల షెడ్డు కింద కూర్చున్న మాజీ జవాను బుల్లెట్ గేరుబాక్సు విప్పి మళ్లీ బిగించగలిగేవాడు. పోలీసు శాఖ కూడా బుల్లెట్లే వాడింది కాబట్టి ఎస్సై గారి బండి ఆగిపోతే బాగుచేయడానికి తాలూకాకు ఒక మనిషైనా ఉండాల్సి వచ్చేది. ఊళ్లో మోతుబరి బుల్లెట్ కొన్నాడంటే హోదా ఒక్కటే చూసుకుని కొన్నాడనుకోవడం పొరపాటు. కాలవ గట్టు మీద బండి ఆగితే సాయంత్రంలోగా నడిపించే మనిషి దగ్గర్లో ఉన్నాడన్న ధీమా చూసుకుని కొన్నాడు.

అన్నేళ్లపాటు పెద్ద బండి వేరేది ఎందుకు లేదంటే లైసెన్సుల కాలం అది. ఎవరు ఎన్ని తయారుచేయాలో ప్రభుత్వం చెప్పాలి. బయటి బండి దిగుమతికి దారి లేదు. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఉన్నవాటిని పోల్చుకోవడం తప్ప లేనివాటిని కోరుకునే వీలు లేదు.

అప్పుడు వచ్చింది రాజ్‌దూత్ 350.

యమహా వాళ్లు జపానులో 1973లో ఆర్డీ 350 తెచ్చారు. గాలితో చల్లబడే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్, ఆరు గేర్లు, ముందు డిస్క్ బ్రేకు. ఆ రోజుల్లో తనకు రెట్టింపు ఇంజనున్న బళ్లను మలుపుల రోడ్లలో వెంటాడిన బండి అని దానికి పేరు. 1976 నాటికి దాని చోటులోకి ఆర్డీ 400 వచ్చేసింది, 1980లో నీళ్లతో చల్లబడే కొత్త ఆర్డీ వచ్చింది. జపాను పక్కనబెట్టిన ఆ పాత 350ని ఫరీదాబాద్ ఎస్కార్ట్స్ వాళ్లు ఒప్పందం మీద తీసుకుని 1983లో ఇక్కడ మొదలుపెట్టారు. డిస్క్ తీసేసి ముందు కూడా డ్రమ్ బ్రేకు పెట్టారు. మన పెట్రోలుకూ మన మైలేజీ లెక్కకూ సరిపడేలా పవరు తగ్గించారు. మొదట వచ్చిన హైటార్క్ బండి 30.5 హార్స్‌పవర్, ఆ తర్వాతి లోటార్క్ 27. బుల్లెట్‌కు 18. అంటే తగ్గించాక కూడా ఆ ఒక్క సీసీ తేడా వెనక ఇంత దూరం ఉంది.

ఇక్కడ ఒక్క విషయం ఎవరూ అంతగా పట్టించుకోరు. ఎస్కార్ట్స్ వాళ్ల రాజ్‌దూత్ పేరు అప్పటికే జనంలో ఉంది. 175 సీసీ, పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ బండి మూలం, 1960ల నుంచి పాల క్యాన్లు మోసిన బండి. బరువు లాగడంలో దానికి ఎదురులేదు, నడిపేవాడు పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకుంటే చాలు, ఏళ్లకేళ్లు తిరిగేది. అదే పేరు పెట్టి ఆరు గేర్ల జంట సిలిండర్ల బండిని అమ్మారు. కొనేవాడి మనసులో ఓర్పున్న పాలబండి ఉంది. చేతికొచ్చింది వేరే జాతి.

ఒక ఇంజను లెక్క చూడండి. బుల్లెట్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ పొడుగ్గా, నింపాదిగా ప్రయాణం చేస్తుంది. అందుకే తక్కువ తిరుగుడులోనే లాగుతుంది, టాప్ గేరులో ఎద్దుబండి వెనక నెమ్మదిగా వెళ్లినా ఏడవదు. రాజ్‌దూత్ ఒక్కో సిలిండరు బోరు 64, స్ట్రోకు 54. పొట్టి అడుగులు, వేగంగా. అడుగున పెద్దగా లాగదు. ఇంజను తిరుగుడు చూపే ముల్లు ఒక చోటు దాటగానే వెనక ఎవరో చేత్తో తోసినట్టు ఎగబాకుతుంది. అప్పటి ఐదో నంబరు జాతీయ రహదారి మీద, గన్నవరం దాటాక, లారీని దాటడానికి బుల్లెట్‌వాడు ఎదురుగా ఖాళీ ఎంతుందో చూసుకుని ఆలోచించేవాడు. రాజ్‌దూత్‌వాడికి ఆలోచన పూర్తయ్యేలోపు లారీ వెనకబడేది.

కొనబోయేవాళ్లకు మా షెడ్డులో రెండూ స్టార్ట్ చేసి చూపించే అలవాటుండేది. ఆ తేడా చూస్తే సగం అర్థమయ్యేది.

బుల్లెట్ కిక్ కొట్టడం ఒకరు దగ్గరుండి నేర్పితే వచ్చే పని. హెడ్‌లైటు పైభాగంలో ఆమ్మీటరుంటుంది. తాళం తిప్పి కిక్ రాడ్‌ను మెల్లగా అదిమితే ముల్లు మైనస్ వైపు పోతుంది, ఇంకా అదిమితే ఒకచోట నడిమికి వచ్చి నిలబడుతుంది. పాయింట్లు తెరుచుకున్నాయని, పిస్టన్ ఇంచుమించు పైకి చేరిందని గుర్తు. అక్కడ ఎడమచేతి దగ్గరున్న డీకంప్రెసర్ మీట నొక్కి కాలిని ఇంకొంచెం కిందికి జార్చాలి. మీట వదలాలి. కిక్ రాడ్ పూర్తిగా పైకి రానిచ్చి, అప్పుడు ఒళ్లు బరువంతా వేసి ఒక్క తోపు. సరిగ్గా కొడితే మొదటి దెబ్బకే మాట్లాడుతుంది. టైమింగు ముందుకు జరిగి ఉన్న బండిని తొందరపడి కొడితే కిక్ వెనక్కి తంతుంది, చీలమండ వారం రోజులు గుర్తుచేస్తుంది. మా నాన్న చెప్పులతో ఎవరినీ కొట్టనిచ్చేవాడు కాదు.

రాజ్‌దూత్‌కు ఈ తంతు లేదు. పెట్రోలు కుళాయి తిప్పు, చోక్ లాగు, మామూలుగా రెండు కిక్కులు. నీలం పొగ ఊది రెండు సైలెన్సర్లలోంచి గలగలమంటుంది. చూడవచ్చినవాడి మొహం అప్పుడు చూడాలి. కానూరు సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్లయితే ఆ క్షణమే నిర్ణయించేసుకునేవాళ్లు. వాళ్ల నాన్నలు మాత్రం మా నాన్న వైపు తిరిగేవాళ్లు.

"లీటరుకి ఎంతిస్తుంది మేస్త్రీ?"

"ఊళ్లో తిప్పితే పాతిక్కి అటూ ఇటూ అండీ. బుల్లెట్ ముప్పై పైన."

"అంతేనా తేడా?"

"అంతే కాదండీ. బండి మీ దగ్గర ఉండే రోజులు, నా దగ్గర ఉండే రోజులు కూడా లెక్కేసుకోండి."

ఆయన అన్నది నిజమే. కానీ ఆ రోజులు ఎందుకు ఎక్కువయ్యేవో చెప్పకపోతే రాజ్‌దూత్‌కు అన్యాయం జరుగుతుంది.

ఆ ఇంజనుకు ఆయిలు విడిగా ఒక ట్యాంకులో పోస్తారు. యాక్సిలరేటర్‌తో ముడిపడిన చిన్న పంపు, ఎంత తిప్పితే అంత ఆయిలు సిలిండర్లకు కొలిచి పంపుతుంది. అద్భుతమైన ఏర్పాటు. పంపు మీద ఒక గుర్తుంటుంది, తీగను సవరించి గుర్తుకు గుర్తు కలిపి బిగించాలి. ఆయిలు ట్యాంకు ఒక్కసారి పూర్తిగా ఎండితే గొట్టంలో గాలి చేరుతుంది. మళ్లీ ఆయిలు పోసినంత మాత్రాన సరిపోదు. పంపు పక్కనున్న చిన్న స్క్రూ విప్పి, గాలి బుడగలు పోయి శుభ్రంగా ఆయిలు కారేదాకా ఆగి, మళ్లీ బిగించాలి. ఆ స్క్రూ సంగతి తెలియని చోట ట్యాంకు నిండుగా ఉండగానే పిస్టన్ పట్టేసేది. ఒకసారి పట్టేశాక యజమానికి పంపు మీద నమ్మకం పోయేది. పంపు పీకేసి పాలబండికి పోసినట్టే పెట్రోల్లో ఆయిలు కలిపి పోసేవాడు. ఎక్కువైతే ప్లగ్గులు మసిబారడం, తక్కువైతే మళ్లీ పట్టేయడం.

అసలు కష్టం జంటలో ఉంది. రెండు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు, రెండు జతల పాయింట్లు. ఎడమదాన్ని సరిచేసి కుడిదాన్ని వదిలేస్తే బండి నడుస్తుంది, కానీ ఒకే భుజం మీద బరువంతా మోస్తూ నడుస్తుంది. బుల్లెట్ టైమింగు పెట్టడానికి మా నాన్నకు సిగరెట్టు కాగితం చాలు. పాయింట్ల మధ్య కాగితం ముక్క ఇరికించి లాగుతూ ఇంజను తిప్పేవాడు. కాగితం జారినచోట పాయింట్లు తెరుచుకున్నట్టు. రాజ్‌దూత్‌కు ప్లగ్గు రంధ్రంలో డయల్ గేజి బిగించి, పిస్టన్ పై చివరకు ఇంకా రెండు మిల్లీమీటర్లు ఉందనగా పాయింట్లు విడిపోయేలా పెట్టాలి, అది కూడా రెండు వైపులా విడివిడిగా. గేజి ఉన్న షెడ్లు మా చుట్టుపక్కల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లేనివాళ్లు చెవితో పెట్టేవాళ్లు. టూ స్ట్రోక్ జంటకు చెవి సరిపోదు.

బ్రేకుల సంగతి ఇంకొకటి. బుల్లెట్ గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఒకటి పైకి, మూడు కిందికి. న్యూట్రల్ కోసం మడమతో నొక్కే చిన్న లివరు కూడా విడిగా ఉండేది. రాజ్‌దూత్‌కు అన్నీ తారుమారు. పదేళ్లు బుల్లెట్ నడిపినవాడు దాని మీదెక్కి హఠాత్తుగా ఆపాల్సివస్తే ఎడమకాలు గేరును తొక్కేది, బండి ఆగేది కాదు. అంత వేగమున్న బండికి డ్రమ్ బ్రేకులే దిక్కు. ఆర్డీ అనే రెండక్షరాలకు జనం చావు అర్థం చెప్పుకోవడం వెనక ఈ కారణాలున్నాయి. ఆ మాట నాకు ఎప్పుడూ నచ్చలేదు. నేర్పకుండా చేతికిచ్చిన బండి అది.

యెజ్డీ సంగతి ఇక్కడ చెప్పేస్తాను. చెకోస్లోవేకియా జావా మూలంగా మైసూరులో 1960ల మొదట్లో మొదలై, 1973 నుంచి యెజ్డీ పేరుతో నడిచిన ఈ బండికి కిక్ రాడ్డే గేరు లివరు. కొట్టాక ముందుకు తిప్పితే గేరు వేసుకోవచ్చు. ఈ రెండు పెద్ద బళ్ల మధ్య తేల్చుకోలేక విసిగినవాళ్లు చాలామంది చివరకు రోడ్‌కింగ్ కొనుక్కుని సుఖంగా ఉన్నారు.

ఇక్కడ నాన్నతో నా గొడవ. నేను పదో తరగతి సెలవుల నుంచి షెడ్డులో చెయ్యి నల్లచేసుకున్నవాణ్ని. నాకు రాజ్‌దూత్ అంటే ప్రాణం. దాని బ్లాకు విప్పితే పోర్టులు చూడాలి: ఎక్కడ పెట్రోలు గాలి లోపలికొస్తుందో, ఎక్కడ పొగ బయటికి పోతుందో అంతా గోడలో చెక్కిన కిటికీలు. వాల్వులు లేవు, పుష్‌రాడ్లు లేవు. లోపలికొచ్చే దారిలో సన్నని రీడు రేకులు, ఊపిరి తీసుకున్నట్టు తెరుచుకుని మూసుకుంటాయి. ఇంత తక్కువ సామానుతో అంత పవరు తీసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ గౌరవం. మద్రాసు దగ్గర షోలవరం పాత రన్‌వే మీద రేసుల్లో ఆ బండి పరిగెత్తిందంటే ఊరికే కాదు. నాన్న మాత్రం ఒకటే అనేవాడు: "నువ్వు ఒక్కడివి చూడగలవురా. అవనిగడ్డలో ఎవడు చూస్తాడు?"

ఆయన ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఇప్పుడు వెనక్కి చూస్తే రెండు బళ్ల బతుకూ ఒకటే అనిపిస్తుంది. రెండూ సొంత దేశంలో ఆగిపోయి ఇక్కడ రెండో జన్మ ఎత్తినవే. కానీ బుల్లెట్ ఇక్కడికి వచ్చేనాటికి ఇంగ్లండులో ఇంకా తయారవుతోంది, దాని విద్య బండితోపాటే దిగింది, పట్టాళం దాన్ని మూడు దశాబ్దాలు ఊరూరా పంచింది. రాజ్‌దూత్ వచ్చేనాటికి జపాను ఆ బండిని దాటి చాలా ముందుకు పోయింది. దానికి దొరికింది ఆరేడేళ్లు. అంతలో ఊరూరా చేతులు తయారు కావు. మంచి బండి, చెడ్డ బండి అన్న తీర్పుకు ఇందులో చోటే లేదు.

పైగా దానికి కాలం కూడా కలిసిరాలేదు. 1973లోనూ మళ్లీ 1979లోనూ ప్రపంచ చమురు ధరలు ఎగిసి, పెట్రోలు బంకు దగ్గర ప్రతివాడూ లీటర్ల లెక్క నేర్చుకున్నాడు. 1980ల మొదట్లో ప్రభుత్వం చిన్న బళ్లకు విదేశీ ఒప్పందాలు అనుమతించింది. 1984లో ఇండ్ సుజుకీ, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. అదే 1985లో ఎస్కార్ట్స్ వాళ్లే యమహా ఆర్‌ఎక్స్ 100 తెచ్చారు. పరుగు కోరుకునే కుర్రాడికి సగం పెట్రోలుతో, సగం తలనొప్పితో ఆర్‌ఎక్స్ 100 దొరికాక, అదే గూటి నుంచి వచ్చిన 350ని అడిగేవాడు తగ్గిపోయాడు. మైలేజీ కోరుకునే ఉద్యోగి సీడీ 100 వైపు పోయాడు. 1990 వచ్చేసరికి రాజ్‌దూత్ 350 తయారీ లేదు. 1996లో యెజ్డీ ఫ్యాక్టరీ కూడా మూతబడింది.

బుల్లెట్‌కూ ఆ దెబ్బ తగిలింది. 1990లో ఐషర్ వాళ్లు చెయ్యి వేశారు, 1994లో కంపెనీ వాళ్ల చేతికి పోయింది. అప్పుడు కూడా దాన్ని నిలబెట్టింది ఎక్కడపడితే అక్కడ దొరికే టాపెట్లూ ప్యాకింగులూ, వాటిని వేయగలిగిన మనుషులూ. పోత ఇనుప ఇంజను 2010 దాకా వచ్చింది. పొగ నిబంధనలు బిగిశాక ఇంజనూ గేరుబాక్సూ ఒకే పెట్టెలో ఉండే అల్యూమినియం ఇంజను వచ్చింది. గేరు ఎడమకాలికి మారింది. మా నాన్న చివరి రోజుల్లో ఆ కొత్త బండి ఎక్కి బ్రేకు కోసం ఎడమకాలు వెతుక్కున్నాడు.

ఇప్పుడు షెడ్డు నాది. 2018లో వచ్చిన 650 జంట సిలిండర్ల రాయల్ ఎన్‌ఫీల్డ్ మొదటిసారి మా సందులోకి వచ్చినప్పుడు నేను పని ఆపి చూశాను. 648 సీసీ, ఆరు గేర్లు, 47 హార్స్‌పవర్. తిరువొత్తియూరు వంశంలో జంట ఇంజనుకు కుదురైన పరుగు ఇన్నాళ్లకు చూశాను. కార్బ్యురేటరు లేదు, పాయింట్లు లేవు. 2023 నుంచి వచ్చే బుల్లెట్ 349 సీసీ, దానికీ ఇంజెక్షనే. సిగరెట్టు కాగితానికి పని లేదు. సెన్సరు ఏం చెబుతోందో చదవడానికి స్కానరు కొన్నాను, మా అబ్బాయి దాన్ని నాకంటే బాగా వాడతాడు.

రాజ్‌దూత్‌లు మాత్రం ఇప్పటికీ వస్తాయి, పాతవి కొని బాగుచేయించుకునే కుర్రాళ్లవి. బోరు చేయడానికి ఇంక మిగలని బ్లాకులకు స్లీవు వేయిస్తున్నాం. ఆయిలు పంపు పీకేసిన బండి వస్తే మళ్లీ పంపు పెట్టించి, గుర్తుకు గుర్తు కలిపి, ఆ గాలి స్క్రూ విప్పి బిగించడం యజమాని చేతే చేయిస్తాను. అది నేర్చుకోకుండా బండి తీసుకెళతానంటే తాళం ఇవ్వను.